ముందరి ఆరు, ఇమ్మీడియట్

జూన్ 3, సోమవారం

నేను బట్టలు కుట్టే ఆల్టరేషన్ షాపు మూసేశారు. ఇవాళ్టి నుంచి పళ్ళ ఫ్యాక్టరీలో పని. ఫ్యాక్టరీ అంటే దాన్ని నడిపే మాస్టారికి నచ్చదు, డెంటల్ లాబ్ అనాలట. రెండు గదులు, ఒక సింకు, ఒక గ్యాస్ బర్నర్. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. గుమ్మంలో అడుగు పెట్టగానే అన్నీ నన్ను చూసి ఇకిలించినట్టు అనిపించింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, నేనూ ఇకిలించాను.

మాస్టారికి అరవై దాటి ఉంటాయి. నోటి నిండా తెల్లటి వరస, ఒక్కటీ వంకర లేదు. మాట్లాడుతుంటే మధ్యమధ్య టక్ మని చప్పుడు. కట్టుడు పళ్ళు. ఊరందరికీ పళ్ళు చేసే మనిషికి సొంత పళ్ళు లేవని నవ్వొచ్చింది. మొదటి రోజే ఉద్యోగం ఊడుతుందని నవ్వు మింగేశాను.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం సొంత నోటితోనేనట. ట్రేలో గులాబీ రంగు ముద్ద వేసి నా పై దవడకి నొక్కారు. వాంతి వచ్చినంత పనైంది. అది గట్టిపడ్డాక తీసి, ఆ అచ్చులో నా చేతే ప్లాస్టర్ పోయించారు. సాయంత్రానికి నా పళ్ళు నా అరచేతిలో ఉన్నాయి. ముందర ఎడమవైపు రెండో పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. నాన్నకీ అలాగే ఉండేది, అక్కకీ అంతే. ఆ వంకర కూడా దిగింది. దీన్ని మోడల్ అంటారు. మాస్టారు దాని అడుగున పెన్సిల్‌తో "కొత్త" అని రాసి పై అరలో పెట్టారు.

పొద్దున్న నవ్వినవాటిలో నేనూ చేరిపోయాను.

జూన్ 6, గురువారం

పంటికి పేరుండదు, నంబరే. పై వరసలో ముందర మధ్యలో ఉన్న రెండూ వన్ వన్, టూ వన్; వన్ కుడివైపు, టూ ఎడమవైపు. వాటి పక్కవి వన్ టూ, టూ టూ. ఆ పక్క కోరపళ్ళు వన్ త్రీ, టూ త్రీ. నాన్న వంకర పన్ను పేరు టూ టూ అని ఇన్నేళ్ళకి తెలిసింది.

రైలు దిగితే చాలు అక్క గొంతు వినిపిస్తుంది. స్టేషన్లో అనౌన్సర్ అక్కే. "ప్రయాణికులకు గమనిక" అని అక్క అంటే రైలు లేటైనా ఎవరికీ కోపం రాదు. నాకు తప్ప. నాకెప్పుడూ హోంవర్క్ చెయ్యలేదని తిట్టినట్టే ఉంటుంది.

పదిరోజులుగా ఇంటికి రమ్మనడం లేదు. ఫోన్ చేస్తే పనుందని పెట్టేస్తోంది. బావతో ఏదో అయ్యుంటుంది.

జూన్ 10, సోమవారం

పరువు పోయింది.

మాస్టారు బయటికెళ్ళిన టైంలో క్లినిక్ నుంచి నీలం డబ్బా వచ్చింది. లోపల నోటి అచ్చు, చీటీ. చీటీ మీద "అప్పర్, ఇమ్మీడియట్". ఇమ్మీడియట్ అంటే నాకు తెలియదా? ఆల్టరేషన్ షాపులో పెళ్ళికూతుళ్ళ బ్లౌజులన్నీ ఇమ్మీడియట్టే. ఉన్న పనంతా పక్కన పడేసి ప్లాస్టర్ పోశాను, ట్రిమ్ చేశాను. పైగా క్లినిక్‌కి ఫోన్ చేసి, మాస్టారు రాగానే మొదలుపెడతాం, రేపటికల్లా ఇచ్చేస్తాం, పేషెంట్‌ని పిలిపించుకోండి అని మాటిచ్చాను. రిసెప్షన్ అమ్మాయి మెల్లగా, ఆ తాతగారి పళ్ళు ఇంకా ఆయన నోట్లోనే ఉన్నాయండీ, పీకేది వచ్చే నెల అంది.

మాస్టారొచ్చాక విని నవ్వారు. ఎంత నవ్వారంటే పై పళ్ళ సెట్టు జారి కింద పడబోయింది, చేత్తో పట్టుకున్నారు.

తర్వాత చెప్పారు. తొందర పనికి అర్జంట్ అనే రాస్తారట. మన పనిలో ఇమ్మీడియట్ అంటే వేరు. మామూలుగా పళ్ళు పీకి, చిగుళ్ళు మానాక కొలత తీసి సెట్టు చేస్తారు. ఇమ్మీడియట్‌లో పళ్ళు నోట్లో ఉండగానే సెట్టు తయారు చేసి పెట్టుకుంటారు. డాక్టరు ఇటు పీకుతాడు, అటు సెట్టు పెట్టేస్తాడు. మనిషి ఒక్క పూట కూడా బోసినోటితో ఉండడు.

మరి పళ్ళున్న మోడల్ మీద పళ్ళెలా పెడతారని అడిగాను. కత్తి చూపించారు. మోడల్ మీద ఉన్నవాటిని కోసేస్తారట. ఇంకా ఉన్నవాటిని లేవనుకుని పని చెయ్యాలి.

జూన్ 11, మంగళవారం

ఇవాళ మాస్టారికి కోపం వచ్చింది. మొదటిసారి.

తాతగారి మోడల్ మీద కోత నేర్పిస్తానన్నారు. చెయ్యి వణికి పాడు చేస్తానేమో, ముందు నా మోడల్ మీద ప్రాక్టీసు చేస్తాను అన్నాను. మంచి మాటే కదా. అర దగ్గరికి వెళ్ళి నా మోడల్ తీశానో లేదో, చేతిలోంచి లాక్కున్నారు. సొంత మోడల్ మీద కత్తి పెట్టకూడదట. ఎందుకంటే చెప్పరు. దాన్ని పైకెక్కి, చెయ్యందని చోట పెట్టి వచ్చారు.

తర్వాత మామూలుగానే నేర్పించారు. అన్నీ ఒకేసారి కొయ్యకూడదు, వరస పోతుంది. ఒకటి కోసి, ఆ ఖాళీలో కొత్త పన్ను మైనంతో నిలబెట్టి, ఒకటి వదిలి ఇంకొకటి. తాతగారి టూ వన్ కోశాను. ప్లాస్టర్ పన్ను ఊడి బల్ల మీద దొర్లింది. సుద్దముక్కే. అయినా చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాక కిటికీలో పెట్టాను.

జూన్ 12, బుధవారం

క్లినిక్ నుంచి ఫోన్. తాతగారి టూ వన్ దానంతటదే ఊడిందట. పొద్దున్న మొహం కడుక్కుంటుంటే చేతిలోకి వచ్చిందట. నొప్పి లేదు, నెత్తురు లేదు.

జూన్ 14, శుక్రవారం

నిన్న వన్ టూ కోశాను. ఇవాళ వన్ టూ ఊడిందని ఫోన్.

మాస్టారిని అడిగాను. కదిలే పళ్ళు కాబట్టే పీకించుకుంటున్నారు, కదిలేవి ఊడక ఏం చేస్తాయన్నారు. నిజమే. ఆ మాట నా కళ్ళల్లోకి చూసి చెప్పి ఉంటే ఇంకా నిజంగా ఉండేది.

జూన్ 20, గురువారం

మళ్ళీ నీలం డబ్బా. "ముందరి ఆరు, ఇమ్మీడియట్." వెనక పళ్ళు బాగానే ఉన్నాయి, ముందరి ఆరింటికే చిగుళ్ళ జబ్బు. కింద ఒక వాక్యం: టూ టూ వంకర అలాగే ఉంచాలి, పేషెంట్ కోరిక. డబ్బు పోసి పళ్ళు కట్టించుకుంటూ వంకర కావాలనేవాళ్ళని మొదటిసారి చూస్తున్నాను. మోడల్ పోసి తీస్తే ఆ వంకర నాదే అన్నట్టుంది. మా వంశం వాళ్ళెవరో దారి తప్పి వచ్చారనుకుని నవ్వుకున్నాను.

మాస్టారు పాలిషింగ్‌లో ఉన్నారు. నన్నే మొదలుపెట్టమన్నారు. వన్ వన్ కోశాను.

జూన్ 21, శుక్రవారం, ఉదయం, ప్లాట్‌ఫారం బెంచీ మీద

రైలు దిగాను. అక్క గొంతు వచ్చింది. ప్రయాణికులకు గమనిక బాగానే ఉంది. తర్వాత "రెండవ నంబరు ప్లాట్‌హారం" అంది. ఆగింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ ప్లాట్‌హారమే. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు.

మూడోసారి చెప్పలేదు. మైకు ఆపేసింది.

సాయంత్రం

అక్క ఇంటికి వెళ్ళాను. బావ తలుపు తీసి లోపలికి చూపించాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అగ్గిపెట్టెలో పన్ను. నిన్న రాత్రి అన్నం తింటుంటే వచ్చేసిందట. వన్ వన్. చూడగానే తెలిసింది, ప్లాస్టర్‌లో దాన్ని నిన్న నేను వేళ్ళ మధ్య పట్టుకున్నాను కదా.

చిగుళ్ళ జబ్బు ఏడాదిగా ఉందట. నాకు చెప్పలేదు. నేను గోల చేస్తానని. ఆఫీసులో రికార్డింగ్ మెషిన్ పెడతామని ఎప్పటినుంచో అంటున్నారు. జనానికి అక్క గొంతు ఇష్టమని ఆపారు. కట్టుడు పళ్ళతో మాట స్థిరపడేలోపు ఆ మెషిన్ వచ్చి కూర్చుంటుంది.

"గొంతు పోతే నాకేం మిగుల్తుందే చిన్నీ," అంది.

అమ్మ పోయాక నాకు మాటలు నేర్పింది అక్కే. అందరికంటే లేటుగా మాట్లాడాను. ఫ అసలు పలికేది కాదు. అక్క నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పై పళ్ళు కింది పెదవి మీద పెట్టి ఊదు అనేది. తను ఊది చూపించేది. నా పెదవి వేలితో సరిచేసి మళ్ళీ ఊదమనేది. ఎన్ని సాయంత్రాలో. ఫ వచ్చిన రోజు వీధంతా వినిపించేలా నవ్వింది.

ఆ పళ్ళ మీద కత్తి పెట్టాను నేను.

జూన్ 22, శనివారం

మోడల్ పెట్టెలో దాచేసి, ఈ కేసు చెయ్యనని మాస్టారికి చెప్పాను. అక్కదని చెప్పాను. తిడతారనుకున్నాను. బర్నర్ ఆపి కూర్చున్నారు.

మనం చెయ్యకపోతే క్లినిక్ ఇంకో లాబ్‌కి ఇస్తుంది. అక్కడ మళ్ళీ మోడల్ పోస్తారు, అక్కడ ఇంకెవరో కత్తి పడతారు. ఈ సంగతి నెమ్మదిగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పారు.

"ఇమ్మీడియట్ అని రాశాక పళ్ళు పోవాల్సిందే అమ్మాయ్," అన్నారు చివరికి. "ఎవరివి అన్నది మాత్రం కత్తి చేతిలో ఉంటుంది."

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి గోడ వైపు తిరిగి, వాళ్ళావిడ గురించి మొదలుపెట్టారు. పెళ్ళైన కొత్తలో ఆవిడకీ ఇదే జబ్బట. అప్పుడు ఆయన పని నేర్చుకుంటున్నారు. ఆవిడ కేసు ఆయన బల్ల మీదికే వచ్చిందట. అంతవరకే చెప్పారు.

"మా ఆవిడ ఇప్పటికీ వేరుశెనక్కాయలు పంటితో ఒలుస్తుంది," అన్నారు.

టక్ మని చప్పుడైంది. మూడు వారాలుగా వింటున్నాను ఆ చప్పుడు, ఎప్పుడూ ఇలా వినలేదు. మాస్టారు స్టూలు తెచ్చి నా మోడల్ ఉన్న అర కింద వేసి, టీ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయారు.

స్టూలు ఎక్కలేదు. ఇంటికొచ్చేశాను.

జూన్ 23, ఆదివారం

పొద్దుటినుంచి అద్దం ముందే ఉన్నాను. నాకు ముప్పై నాలుగు. అందగత్తెనేం కాదు, ఉన్నదల్లా పలువరసే అని ఆల్టరేషన్ షాపులో అనేవారు. ఆ ఉన్నదానికే ఎసరొచ్చింది.

అక్క కోసం ఏమైనా చేస్తానని ఎన్నిసార్లు అనుంటాను? నోటిమాటగా అన్నాను. ఇలా అడుగుతారని ఎవరికి తెలుసు.

జూన్ 24, సోమవారం

స్టూలు ఎక్కాను.

రెండు మోడళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్క దవడ, నా దవడ. కొలత పెట్టి చూసినా తేడా వెంట్రుకవాసి. అక్కది గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. నాది అక్క కేసు డబ్బాలో పెట్టాను. మాస్టారు చూశారు. అడుగున "కొత్త" అని ఉన్నచోట ఆయనే గరుకు కాగితంతో అరగదీసి చెరిపేశారు.

టూ వన్ కోశాను. నోట్లో ఏమీ అనిపించలేదు. నాలుకతో నొక్కి చూసుకున్నాను, గట్టిగా ఉంది. ఇదంతా పిచ్చే అయితే ఎంత బాగుండు అనుకున్నాను. ఆ వెంటనే, పిచ్చయితే మరి అక్క సంగతేంటి?

జూన్ 25, మంగళవారం

టీలో బిస్కెట్ ముక్క పడిందనుకున్నాను.

జూన్ 27, గురువారం

వన్ టూ. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి జరుగుతోందని తెలిసేది.

లాబ్‌లో డస్ట్ మాస్క్ ఉంటుంది కాబట్టి సరిపోయింది. రైల్లో కూడా తియ్యడం లేదు. టికెట్ కౌంటర్లో మాట్లాడబోయి ఆగి, వేలితో చూపించాను.

జూన్ 29, శనివారం

టూ త్రీ కూడా పోయింది. అక్క ఫోన్ చేసింది. గొంతులో హుషారు. బ్రష్ చేస్తుంటే నెత్తురు రావడం తగ్గిందట. ఉన్న ఖాళీతోనే నాలుక సర్దుకుని ఫ పలుకుతోందట, విన్నావా అంది. విన్నాను. ఊఁ, ఊఁ అని పెట్టేశాను. ఏమైందే మూగదానిలా అంది. జలుబు అని మెసేజ్ పెట్టాను.

మూడు పోయాయి. మూడు ఉన్నాయి. ఇక్కడితో ఆపేస్తే?

జూలై 2, మంగళవారం

ఆపేశాను. మూడు రోజులు కత్తి ముట్టలేదు.

ఇవాళ అక్క మెసేజ్. టూ టూ మళ్ళీ కదులుతోందట. భయంగా ఉంది, సాయంత్రం రా అని. వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, ఏ నోటితో మాట్లాడను? అక్క నోట్లో ఖాళీ చూసి నేను ఏడ్చినట్టే, నా నోరు చూసి అక్క ఏడుస్తుంది. అప్పుడు ఇదంతా దేనికి?

కూర్చుని బాగా ఏడ్చాను. అక్క మీద కోపం కూడా వచ్చింది. ఏడాది కిందటే చెప్పి ఉంటే ఏదో ఒక మందు దొరికేది కాదా. చెప్పలేదు, నన్ను ఏడిపించకూడదని. ఇద్దరికీ ఒకటే వంకర, పంటికే కాదు.

జూలై 3, బుధవారం

వన్ త్రీ.

జూలై 5, శుక్రవారం

వన్ వన్. అక్కకి పోయిందీ అదే, ఆ ఒక్క ఖాళీ ఇవాళ ఇద్దరికీ ఒకేలా ఉంది.

జూలై 8, సోమవారం

టూ టూ మిగిలింది. పొద్దుటినుంచి వేరే పనులన్నీ చేశాను. సింకు కడిగాను. బర్నర్ తుడిచాను. మాస్టారి టేబుల్ కూడా సర్దాను, ఆయనకి అది నచ్చదని తెలిసీ.

మధ్యాహ్నం కోశాను. మిగతావాటికి తెలియలేదు కానీ దీనికి చేతికి అడ్డం తగిలింది, రాయి ఉన్నట్టు. నాన్న మొండితనం. కత్తి మార్చి కోశాను. తర్వాత కొత్త పన్ను మైనంలో నిలబెట్టి, చీటీలో రాసినట్టే పక్కకి తిప్పాను. మాస్టారు వచ్చి చూసి, వేలితో ఇంకొంచెం తిప్పారు. అప్పుడు సరిగ్గా వచ్చింది. ఆయన ఎప్పుడు అంత బాగా చూశారో నన్ను.

జూలై 9, మంగళవారం

ఊడింది. దాన్ని అక్క మోడల్ చుట్టిన గుడ్డలోనే కట్టాను.

జూలై 15, సోమవారం

ఇవాళ అక్కకి పళ్ళు పీకే రోజు. సెట్టు నిన్నే పాలిష్ చేసి నీళ్ళ గిన్నెలో పెట్టాం. రంగు అక్క పళ్ళ రంగు, చీటీలో రాసినదే. పొద్దుటినుంచి ఒక్క పని కుదరలేదు. క్లినిక్ డెలివరీ మనిషి వస్తాడని గుమ్మం వైపే చూస్తున్నాను.

మనిషి రాలేదు. ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టారు మాస్టారు. ఇమ్మీడియట్ క్యాన్సిల్ అంది రిసెప్షన్ అమ్మాయి. ఐదు పళ్ళూ గట్టిగా ఉన్నాయట. డాక్టరు రెండుసార్లు ఎక్స్‌రే తీశాడట, పాత ఎక్స్‌రే వేరే వాళ్ళదేమో అని వెతుకుతున్నాడట. పోయిన ఒక్కదానికి పక్క పళ్ళ ఆసరాతో బ్రిడ్జి వేస్తారు. సెట్టు మీ దగ్గరే ఉంచుకోండి, ఇంకెవరికి పనికొస్తుంది అంది.

మాస్టారు ఫోన్ పెట్టేశారు. గిన్నె నా వైపు జరిపి, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయన ఏడవడం వినపడింది.

జూలై 16, మంగళవారం, ఉదయం

సెట్టు పెట్టుకున్నాను. ఎక్కడా అరగదియ్యాల్సిన పని లేదు.

పై పళ్ళు కింది పెదవి మీద పెట్టి ఊదాను. ఫ వచ్చింది.

అద్దంలో అక్క నవ్వింది.